ఎనామెల్ పెన్నుకి పెచ్చు లేచిందా? మసకబారిందా? కారణాలు, పరిష్కారాలు

దెబ్బతిన్న ఎనామెల్ పెన్ను చేతికొస్తే నేను ముందు తేల్చుకునేది ఒక్కటే: ఆ పూత గాజా, రెజినా? అసలు ఎనామెల్ అంటే గాజే. మెత్తగా నూరిన రంగు గాజుపొడిని వెండి, బంగారం, రాగి లాంటి లోహం మీద పరిచి, సుమారు 750 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగించి అతికిస్తారు. కోల్డ్ ఎనామెల్ అనేది రంగు కలిపిన రెజిన్, అంటే ఆరి గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం. దానికి కొలిమి అక్కర్లేదు.

దీపం కింద పెన్నుని ఏటవాలుగా తిప్పుతూ 10 రెట్ల భూతద్దంతో చూడండి. వాడిన రెజిన్ మీద సన్నని గీతలు అల్లుకుని కనిపిస్తాయి, గాజు మీద అంత సులువుగా పడవు. పెచ్చు లేచిన చోట గాజు అంచు పగిలిన సీసాలా పదునుగా, మెరుస్తూ ఉంటుంది.

క్యాప్ అంచున పెచ్చు లేచింది

ఎక్కువసార్లు కింద పడటమే కారణం. లోహం సొట్టపడి ఊరుకుంటుంది, గాజు వంగలేక ఊడిపోతుంది. క్లిప్పుని బలంగా లాగినా దాని మొదట్లో ఇలాగే అవుతుంది. ఊడిన ముక్క దొరికితే పారేయకండి, రంగు కలపడానికి అదే ఆధారం. సూపర్ గ్లూ మాత్రం వద్దు. తర్వాత బాగుచేసేవాళ్లు దాన్ని తీయలేక అవస్థ పడతారు.

మళ్లీ కాల్చాలంటే క్లిప్పు, లోపలి ప్లాస్టిక్, పాళీ అన్నీ విప్పాలి. ఆ వేడికి పాత అతుకులు వదలొచ్చు, పక్క రంగులు మారొచ్చు. అందుకే చిన్న పెచ్చుకి రంగు కలిపిన రెజిన్‌తో పూడ్చడమే మంచిదని నా అభిప్రాయం. అది గాజు కాదన్న మాట పెన్ను కాగితాల్లో రాసి పెట్టండి. రేపు కొనేవాళ్లకి తెలియాలి.

వెంట్రుకంత నెర్రె

వేడికి లోహం, గాజు ఒకేలా సాగవు. చల్లని పెన్నుని ఒక్కసారిగా వేడినీళ్లలో పెడితే ఆ తేడా నెర్రెగా బయటపడుతుంది. ఎండిన సిరా కరుగుతుందని ఒకసారి నేనూ అలాగే చేశాను. మర్నాడు నీలం రంగు కింద, యంత్రంతో చెక్కిన అలల నగిషీకి అడ్డంగా ఒక తెల్లటి గీత. ఇప్పటికీ ఆ పెన్ను తీసినప్పుడల్లా కళ్లు ముందు అక్కడికే వెళ్తాయి.

నెర్రె దానంతట అది పూడదు, పెరగకుండా చూడగలం. నీళ్లలో నానబెట్టకండి, సిరా లోపలికి దిగితే మరక పోదు. అల్ట్రాసోనిక్ క్లీనర్ (నీళ్లలో శబ్ద తరంగాల అదురుతో మురికి వదిలించే యంత్రం) జోలికి అసలు పోవద్దు.

పైన మసక

గాజు మీదైతే చాలావరకు చేతి జిడ్డే. డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడిపిన మెత్తటి బట్టతో తుడిచి, వెంటనే పొడిబట్టతో అద్దండి. రెజిన్ మీదైతే స్పిరిట్‌తోనో నెయిల్ పాలిష్ రిమూవర్‌తోనో ఎవరైనా తుడిచారేమో కనుక్కోండి. అలా పోయిన మెరుపుని పాలిష్ తెలిసిన మనిషే తేవాలి.

వెండి తీగలు నల్లబడ్డాయి

కొన్ని పెన్నుల్లో రంగుకీ రంగుకీ మధ్య హద్దుగా సన్నని వెండి తీగలు ఉంటాయి. అవి నల్లబడటం గాలిలోని గంధకం చేసే పని. రబ్బరు బ్యాండు, ఉన్నిబట్ట పక్కన ఉంచితే త్వరగా నల్లబడతాయి. పొడిగా ఉన్న సిల్వర్ క్లాత్‌తో (వెండిని మెరిపించే బట్ట) తీగ మీద మాత్రమే మెల్లగా రుద్దండి. వెండిని ముంచి తీసే ద్రావణాల్లో ఆమ్లం ఉంటుంది, అది కొన్ని రంగుల గాజుని తినేస్తుంది.