టోక్యోలో సొంతంగా తిరగడం – 4వ పాఠం: షింజుకు తూర్పు వైపు ఒక సాయంత్రం

పోయిన పాఠంలో రైలు చార్జీలు కట్టే సుయికా కార్డులో డబ్బులు వేసుకోవడం, లైన్ మారడం చూశాం కదా, ఆ రెండూ వచ్చేస్తే షింజుకుకి భయపడక్కర్లేదు. రోజుకి దాదాపు 30 లక్షల మంది వచ్చిపోయే స్టేషన్ ఇది, బయటికి దారులే 200 పైన, అందుకే చాలామంది రైలు దిగాక కూడా లోపలే చాలాసేపు తిరుగుతుంటారు, ఫోన్లో మ్యాప్ ఉన్నా సరే, ఎందుకంటే భూమి కింద ఆ నీలం చుక్కని నమ్మలేం. కాబట్టి ఈసారి నేర్చుకోవాల్సింది ముఖ్యంగా ఒక్కటే, రైలు దిగకముందే ఏ వైపు బయటికి రావాలో తేల్చుకోవడం, ఆ తర్వాత ఎక్కడ నిలబడ్డా స్టేషన్ ఎటుందో చెప్పగలగడం.

పట్టాలు ఉత్తరం నుంచి దక్షిణానికి ఉంటాయి, దాన్నిబట్టి ఊరు రెండు ముక్కలు అనుకోండి. పడమర ద్వారం అంటే నిషి గుచి, అటు ఆకాశహర్మ్యాలు, పెద్ద కెమెరా షాపులు. తూర్పు ద్వారం అంటే హిగాషి గుచి, షాపింగూ రాత్రి సందడీ ఎక్కువగా ఇటే. ఒకవేళ తప్పు వైపు తేలినా కంగారు వద్దు, 2020 జూలైలో స్టేషన్ మధ్యలోంచి తూర్పు పడమరల్ని కలుపుతూ వెడల్పాటి దారి తెరిచారు, టికెట్ అక్కర్లేదు, నడిచి ఇవతలికి వచ్చేయొచ్చు. నిషికసాయ్‌లో ఉండే మనవాళ్ళయితే తోజాయ్ లైన్లో కుదాన్‌షితా దాకా వచ్చి తోయెయ్ షింజుకు లైన్ పట్టుకుంటే చాలు, ఆ లైన్లో షింజుకుకి ముందు స్టేషన్ షింజుకు సాన్‌చోమే, అక్కడ దిగితే ఇసెతాన్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ పక్కనే తేలతారు.

సాయంత్రం ఐదున్నరకి తూర్పు ద్వారం బయటికి రండి. ఎదురుగా బిల్డింగ్ మీద వంపు తిరిగిన పెద్ద స్క్రీన్ ఉంటుంది, అందులోంచి బయటికి దూకేలా కనిపించే పిల్లిని 2021 నుంచి చూపిస్తున్నారు. స్టేషన్‌కి వీపు పెట్టి నిలబడితే మీ ముఖం తూర్పుకి, ఎడమ చెయ్యి ఉత్తరానికి ఉన్నట్టు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, మిగతా దారంతా దీని మీదే.

ముందుకెళ్ళే రోడ్డు షింజుకు దోరి. ఆదివారాలూ సెలవు రోజుల్లో మధ్యాహ్నం పూట దీని మీద బండ్లు ఆపేస్తారు, రోడ్డు మధ్యలో నడవొచ్చు. ఎడమ వైపు కినోకునియా పుస్తకాల షాపు వస్తుంది, 1927లో ఇక్కడే మొదలైంది. ఇంకొంచెం ముందు అదే వైపు మూల మీద ఇసెతాన్, 1933 నాటి బిల్డింగ్. పై అంతస్తుల్లో బట్టల రేట్లు గట్టిగానే ఉంటాయి, మీరు మాత్రం కిందికి దిగండి, నేలమాళిగలోని తిండి అంగళ్ళని దెపాచికా అంటారు, నా లెక్కలో షింజుకులో అన్నిటికన్నా మంచి షాపింగ్ అదే. గాజు అద్దాల వెనక స్వీట్లు, ఊరగాయలు, అప్పుడే కట్టిన బెంతో అనే భోజనం డబ్బాలు, కొన్న చిన్న స్వీట్ పెట్టెకి కూడా మడత చెదరకుండా కాగితం చుట్టి రెండు చేతులతో ఇస్తారు, మీరూ రెండు చేతులతో తీసుకోండి. ఇసెతాన్ ఎనిమిదింటికి మూసేస్తారు, ఆలోపే వెళ్ళాలి.

ట్యాక్స్ గురించి ఒక్క మాట. టూరిస్టులకి ఒకే రోజు ఒకే షాపులో 5,000 యెన్లు, అంతకన్నా ఎక్కువ కొంటే వినియోగ పన్ను మినహాయింపు ఉంది, పాస్‌పోర్ట్ ఒరిజినల్ చూపించాలి. 2026 నవంబర్ 1 నుంచి పద్ధతి మారుతుంది, ముందు పూర్తి రేటు కట్టి, దేశం వదిలేటప్పుడు కస్టమ్స్ దగ్గర చూపించాక డబ్బు వెనక్కి వస్తుంది. అక్కడే ఉద్యోగం చేసుకుంటూ ఉండేవాళ్ళకి ఇది రాదు.

ఇసెతాన్ మూలలో ఎడమకి తిరిగితే మేయిజి దోరి, అంటే ఉత్తరానికి. పెద్ద రోడ్డు యాసుకుని దోరి దాటగానే ఎడమ చేతి వైపు హనజోనో గుడి. గుడి వెనకే గోల్డెన్ గాయ్, ఆరు సన్న సందులు, 200 పైన బుల్లి బార్లు, చాలావాటిలో పది మంది కూడా పట్టరు. ఇక్కడ మర్యాద తెలిసి వెళ్ళాలి. తలుపు మీద సీటు చార్జీ రాసుంటే చదవండి, లేకపోతే గుమ్మంలోనే "చాజీ వా ఇకురా దెసు కా" అని అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఒక్కరే అయితే "హితోరి దెసు", ఇద్దరైతే "ఫుతారి దెసు". నలుగురైదుగురు గుంపుగా వెళ్తే చోటుండదు. అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో పెడతారు, అది ఒతోషి, చాలాచోట్ల దానికీ డబ్బులుంటాయి, మోసమేం కాదు, అక్కడి పద్ధతి. టిప్ ఇవ్వకండి. ఫోటో తీసేముందు అడగండి. మందు తాగాలంటే 20 ఏళ్ళు నిండాలి, తాగకపోతే ఊలాంగ్ టీ అడగొచ్చు. శాకాహారులు మాత్రం జాగ్రత్త, కూరగాయల వంటకంలో కూడా దాషి అని చేపల నీళ్ళు పడతాయి, తినడం ముందే ముగించుకుని వెళ్తే మంచిది.

సందుల్లోంచి పడమరకి నడిస్తే రాత్రి సందడికి పేరుపడ్డ కబుకిచో పేట నడిబొడ్డు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇక్కడ కబుకి అనే జపాన్ సంప్రదాయ నాటకాల కోసం నాటకశాల కడదామని 1948లో ఆ పేరు పెట్టారు, నాటకశాల రాలేదు, పేరు మిగిలింది. తోహో బిల్డింగ్ మీద గాడ్జిల్లా తల, 2023లో తెరిచిన కబుకిచో టవర్, చూడ్డానికి బాగుంటాయి, భయపడి మానేయకండి. కానీ ఈ ఒక్క నియమం తప్పొద్దు: షాపుని మీరు ఎంచుకోవాలి, మిమ్మల్ని పిలిచినవాడి వెంట వెళ్ళకూడదు. "3,000కే ఎంతైనా తాగొచ్చు" అని ఇంగ్లీషులో తియ్యగా పలకరిస్తారు, లోపలికెళ్ళాక బిల్లు పదివేలల్లో వస్తుంది. వాళ్ళని నమ్మొద్దని వీధిలో మైకుల్లోనే చెప్తుంటారు. జవాబివ్వకండి, ఆగకండి, నడుస్తూనే ఉండండి. ఇబ్బందైతే కోబన్ అనే చిన్న పోలీస్ బూత్ ఉంటుంది, నేరుగా అక్కడికే.

కబుకిచో ముఖద్వారంలా ఉండే ఎర్ర కమాను కిందుగా బయటికొస్తే మళ్ళీ యాసుకుని దోరి, దాటి దక్షిణానికి నడిస్తే స్టేషన్. అర్ధరాత్రి దాటాక రైళ్ళు ఆగిపోతాయి, మళ్ళీ తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు మధ్యే. మీ లైన్ ఆఖరి రైలు టైం పగలే ఫోటో తీసి పెట్టుకోండి, ట్యాక్సీకి రాత్రి పది నుంచి ఉదయం ఐదు దాకా 20 శాతం ఎక్కువ.

అభ్యాసం. ఒకటి, ఎర్ర కమాను దగ్గర కబుకిచోకి వీపు పెట్టి నిలబడ్డారు, ఇసెతాన్ ఎటు? రెండు, సీటు చార్జీ 800, ఒతోషి 400, డ్రింకు 900, రెండు డ్రింకులు తాగితే బిల్లెంత? కాగితం మీద దారి గీసుకుని చేయండి.

జవాబులు: మీ ముఖం దక్షిణానికి ఉంది కాబట్టి ఎడమ వైపు ముందుకి. బిల్లు 3,000 యెన్లు. వచ్చే పాఠంలో పడమర వైపు, ఒమోయిదె యోకోచో సందులో యకితోరి (పుల్లకి గుచ్చి కాల్చిన కోడి ముక్కలు) ఆర్డర్ చేయడం, 202 మీటర్ల ఎత్తు నుంచి ఉచితంగా ఊరు చూడటం.