అడవి దారిలో మౌంటెన్ బైక్: అందరిదీ అయిన బాట మీద ఎలా నడపాలి

అందరూ తిరిగే అడవి బాటల్లో సైకిళ్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం రెండు చోట్ల పుడతాయి: అవతల ఎవరున్నారో కనిపించని మలుపు దగ్గర, తిరగడం ఆగి మట్టిని గీరుకుపోయే వెనక చక్రం కింద. రెండింటికీ మందు బ్రేకు పట్టే చేతిలోనే ఉంది. అందుకే మర్యాదల కన్నా ముందు బ్రేకుల సంగతి చూద్దాం.

వేగానికి ఒకే లెక్క పెట్టుకోండి: కనిపిస్తున్న దూరంలో సగంలోపే ఆగగలగాలి. మిగతా సగం ఎదురుగా వచ్చేవారిది. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 7 మీటర్లు పోతారు. మనిషిని చూసి వేలు బిగించేలోపే ఆ 7 మీటర్లు అయిపోతాయి. వదులు మట్టి మీద పూర్తిగా ఆగడానికి ఇంకో 8 మీటర్లు పట్టవచ్చు. అంటే 15 మీటర్లు. అదే 15 కిలోమీటర్ల వేగమైతే మొత్తం 7 మీటర్లలో ఆగుతారు. దిగుడులో ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి. పొదల మధ్య మలుపులో చూపు పది మీటర్లకు మించి ఆనదు. అక్కడ 15 కిలోమీటర్ల వేగం కూడా ఎక్కువే.

ఆపే పనిలో పెద్ద భాగం ముందు బ్రేకుదే. దానికి భయపడి వెనకది ఒక్కటే నొక్కేవారి చక్రమే బిగుసుకుపోతుంది. దిగుడు మొదలవకముందే సీటు దించండి. పెడళ్లు నేలకు సమాంతరంగా ఉంచి, మడమలు కిందికి వంచి, నడుమును కాస్త వెనక్కి, కిందికి తేండి. ఒక్కో లివరు మీద ఒక్కో వేలు చాలు. రెండు బ్రేకులూ మెల్లగా మొదలుపెట్టి, బరువు ముందు చక్రం మీదికి వచ్చాక ఒత్తిడి పెంచండి. వెనక చక్రం జారుతున్నట్టు తోచగానే ఆ వేలు కాస్త వదిలి మళ్లీ పట్టండి. వేగం తగ్గించే పని మలుపులోకి వెళ్లకముందే ముగియాలి. మలుపు మధ్యలో బ్రేకు బిగిస్తే టైరు పట్టు ఆపడానికీ, తిప్పడానికీ రెంటికీ చాలదు. పొడుగాటి దిగుడులో బ్రేకులు అదే పనిగా ఆనించి ఉంచితే వేడెక్కి పట్టు తగ్గుతుంది. గట్టిగా పట్టి వేగం దించి, వదిలి, మళ్లీ పట్టడం మేలు.

బిగిసిన చక్రం ఏం చేస్తుందో ఒక వాన చాలు చూపించడానికి. అది పై మట్టిని లేపి సన్నటి గాడి తీస్తుంది. పక్కకు జారిపోవలసిన నీరు ఆ గాడిలోకి దిగి దారి పొడుగునా పరుగెత్తుతుంది, మట్టిని కోసుకుపోతుంది. వేళ్లు, రాళ్లు బయటపడతాయి. వాటిని తప్పించుకోవడానికి అందరూ పక్క గడ్డి మీద నడుస్తారు. అడుగున్నర వెడల్పు బాట చూస్తుండగానే రెండు మూడు పాయలవుతుంది.

బురద గుంట కూడా బాటను ఇలాగే వెడల్పు చేస్తుంది. చుట్టూ తిరిగి వెళ్లిన ప్రతి చక్రమూ దాని అంచు విరుస్తుంది. కాబట్టి లోతు తెలిస్తే మెల్లగా మధ్యలోంచే పోనివ్వండి, తెలియకపోతే దిగి నడిపించండి. వాన వెలిసిన తర్వాత వెళ్లాలా వద్దా అన్నది మొదటి వంద మీటర్లలోనే తేలుతుంది. చక్రం జాడ రెండు సెంటీమీటర్లకు మించి దిగినా, మట్టి టైరుకు అంటుకుని రాలకపోయినా వెనక్కి తిరగండి. ఇసుక నేల తొందరగా ఆరుతుంది, బంకమట్టికి రోజులు పడుతుంది.

టైర్లలో గాలి ఎక్కువైతే చక్రం ఎగిరి తేలిగ్గా జారుతుంది. 70–80 కిలోల మనిషికి, 2.3–2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లకు ముందు 22–24, వెనక 25–27 పిఎస్ఐ దగ్గర మొదలుపెట్టి సరిచూసుకోవచ్చు. ట్యూబు ఉంటే మూడు నాలుగు పెంచండి. లేకపోతే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి చిల్లు పడుతుంది. టైరు మీదా, రిమ్ము మీదా రాసిన హద్దులు దాటకండి.

ఇక మనుషులు. వేరే బోర్డు లేకపోతే సైకిలు నడిచేవారికీ, గుర్రాలకూ దారివ్వాలి. దిగేవారు ఎక్కేవారికి దారివ్వాలి, ఎందుకంటే ఎక్కుతూ ఆగినవారు మళ్లీ కదలడం కష్టం. నడిచేవారి వెనక నుంచి వస్తుంటే ముప్పై మీటర్ల దూరంలోనే గంట కొట్టి నెమ్మదించండి. దగ్గరికొచ్చాక ‘ఎడమ!’ అని అరవకండి. ఉలిక్కిపడినవారు ఆ పక్కకే గెంతుతారు. మామూలు గొంతుతో ‘నమస్కారం, వెనక సైకిలు వస్తోందండీ’ అని, వారు ఒక పక్కన కుదురుకునేదాకా ఆగండి. దాటేటప్పుడు నడక వేగం దాటకూడదు. వెనక ఇంకా ఎంతమంది వస్తున్నారో చెప్పండి. ఇద్దరు వెళ్లిపోయారని బాట మీదికి అడుగేసినవారే మూడోవారికి ఎదురుపడతారు. కుక్క ఒక పక్క, యజమాని ఇంకో పక్క ఉంటే మధ్యలో తాడు ఉందనే అనుకోండి. దారి ఇరుకైతే గడ్డి మీదికి ఎక్కించకుండా ఆగి, కాలు నేల మీద పెట్టి, సైకిలును పక్కకు వంచండి.

గుర్రం ఎదురైతే బాగా ముందే ఆగి దిగండి. గుర్రం పారిపోయి బతికే జంతువు. చప్పుడు లేకుండా వచ్చే సైకిలును, అందులోనూ తన కన్నా ఎత్తు నుంచి వచ్చేదాన్ని, వేటాడే మృగమనుకుంటుంది. వీలైతే వాలుకు దిగువ పక్కన నిలబడి, మామూలుగా మాట్లాడుతూ ఉండండి. గొంతు వింటే అక్కడున్నది మనిషని దానికి తెలుస్తుంది. ఎలా దాటాలో రౌతునే అడగండి. చెట్టు వెనక దాక్కుని దారిచ్చాననుకోకండి, హఠాత్తుగా కనిపించేదే దాన్ని ఎక్కువ బెదరగొడుతుంది.

అడవి జంతువులు తెల్లవారుజామున, మసక చీకట్లో ఎక్కువగా తిరుగుతాయి. ఆ వేళల్లో దారి తెరిచే ఉన్నా వేగం తగ్గించండి. జంతువు కనిపిస్తే ఆగి, అది తనంతట తాను తప్పుకునేదాకా ఉండండి. రెండు చెవులూ మూసే ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు.

మూసిన దారి మూసిన దారే. చెట్లు నరుకుతున్న చోట తడికెకు ఆవల మనుషులెవరూ కనిపించకపోయినా దాటకండి, పేర్చిన దుంగలు దొర్లవచ్చు. దారికి అడ్డంగా చెట్టు పడి ఉంటే కొత్త పాయ తీయకుండా సైకిలును ఎత్తి దాటించండి. ఫోటో తీసి, ఆ చోటు గుర్తుతో బాట చూసుకునేవారికి పంపండి. అనుమతి లేకుండా గెంతుడు దిబ్బలు కట్టకండి. వాటిని ఎరగక వచ్చినవారు పడతారు, వాననీరు పోయే దారీ చెడుతుంది.

తిరిగొచ్చాక, బండిలో పెట్టకముందే, అక్కడే గట్టి బ్రష్‌తో టైర్ల మీది, బూట్ల మీది మట్టి దులపండి. కలుపు విత్తనాలూ, చెట్ల వేళ్లను కుళ్లబెట్టే ఫైటోఫ్తోరా వంటి తెగుళ్లూ ఒక అడవి నుంచి ఇంకో అడవికి ఆ మట్టితోనే చేరతాయి. ఇంటికెళ్లాక మామూలు నీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. జోరుగా కొట్టే నీటి గన్‌ను చక్రాల ఇరుసుల మీద, పెడళ్ల ఇరుసు మీద పెట్టకండి, గ్రీజు కొట్టుకుపోయి బేరింగులు తుప్పు పడతాయి. చైను ఆరాకే నూనె వేసి, పైపైన ఉన్నది తుడిచేయండి. బ్రేకు డిస్కు మీద ఒక్క నూనె చుక్క పడినా బ్రేకు ప్యాడ్లు పీల్చుకుంటాయి, తర్వాతి దిగుడులో బ్రేకు సరిగా పట్టదు.