వియత్నాం రోడ్డు మీదికి దిగే ముందు

హనోయ్ పాతబస్తీలో హోటల్ గుమ్మం దాటగానే మా మామగారు అన్న మొదటి మాట: "ఇదేంటి అల్లుడూ, మన సుల్తాన్‌బజారే కదా!" చూడటానికి నిజంగా అలాగే ఉంది. ఫుట్‌పాత్ నిండా బైకులు, ఆ సందుల్లో జానెడు ఎత్తు ప్లాస్టిక్ పీటలు, వాటి మీద మోకాళ్లు గడ్డానికి ఆనేలా కూర్చుని నూడుల్స్ తింటున్న జనం, ఆగకుండా మోగే హారన్లు. అలవాటైన రోడ్డేలే అనిపిస్తుంది. మనవాళ్లు దెబ్బతినేది అక్కడే. యూరప్ వెళ్తే బెదిరి ఒళ్లు దగ్గర పెట్టుకుంటాం, ఇక్కడ ఆ బెదురు ఉండదు.

ముందు రోడ్డు దాటడం నేర్చుకోవాలి. మనం చెయ్యి అడ్డం పెట్టి, సందు దొరగ్గానే పరుగు తీస్తాం. అక్కడ సందు దొరకదు, పరుగు తీయకూడదు. నెమ్మదిగా, ఒకే వేగంతో నడుస్తూ పోవాలి. మన నడకను బట్టి బైకులవాళ్లు పక్కనుంచి తప్పించుకుని పోతారు. నేను సగం దాకా వెళ్లి, భయమేసి ఒక అడుగు వెనక్కి వేశాను. ముందుకే పోతాననుకుని నా వెనక నుంచి వెళ్లబోతున్న బైకతను సడన్ బ్రేకు కొట్టాడు. వెనక కట్టిన గుడ్ల ట్రేల దొంతరంతా అటూ ఇటూ ఊగి, ఎలాగో నిలబడింది. అతను తిట్టలేదు కానీ చూసిన చూపు గుర్తుంది. పక్కనే ఆకుకూరల సంచితో వెళ్తున్న ముసలావిడ నా మోచెయ్యి పట్టుకుని, ముఖం కూడా చూడకుండా అవతలికి నడిపించి వదిలేసి పోయింది. ఆ రెండు నిమిషాల్లో నేర్చుకున్నది ఏ వీడియోలోనూ నేర్చుకోలేదు.

అయితే ఈ లెక్క బైకులకే. బస్సు, కారు తప్పుకోవు, వాటిని పోనివ్వాలి. అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి కాబట్టి ముందు ఎడమకు చూడాలి. మనకు పుట్టినప్పటి నుంచి కుడికి చూసే అలవాటు. వన్‌వే అయినా రెండువైపులా చూడండి, ఎదురొచ్చే బైకు ఒకటి ఉండనే ఉంటుంది. రద్దీ వేళ ఫుట్‌పాత్ మీదికీ ఎక్కేస్తాయి.

బైకు అద్దెకు తీసుకుందాం అనుకునే కుర్రాళ్లకు ఒక మాట. మన ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం కిందది. వియత్నాం ఒప్పుకునేది 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చినవే. షాపువాడు పాస్‌పోర్టు చూసి తాళం చేతికిచ్చేస్తాడు, ఏమీ అడగడు. యాక్సిడెంటైతే ట్రావెల్ ఇన్సూరెన్సు కంపెనీ మాత్రం లైసెన్సే అడుగుతుంది. మందు విషయంలోనూ సడలింపు లేదు, ఒక్క బీరు తాగి బండెక్కినా జరిమానాయే. మన ఊబర్ లాంటి గ్రాబ్ యాప్‌లో బైకు పిలిస్తే సరిపోతుంది, హెల్మెట్ వాళ్లే ఇస్తారు. దిగేటప్పుడు ఎడమవైపు దిగండి. నేను కుడివైపు దిగి సైలెన్సర్‌కు పిక్క ఆనించాను. రూపాయి బిళ్లంత మచ్చ ఇంకా ఉంది.

సైగాన్‌లో ఫోన్ జాగ్రత్త. ఊరి పేరు హో చి మిన్ సిటీ అయినా జనం సైగాన్ అనే అంటారు. రోడ్డు అంచున నిలబడి మ్యాప్ చూస్తుంటే బైకు మీద వచ్చి లాక్కుపోతారు. మ్యాప్ చూడాలంటే ఏదైనా కొట్టు లోపలికి వెళ్లి చూసుకోండి, సంచి రోడ్డువైపు భుజానికి వేసుకోవద్దు.

హనోయ్‌లో కావిడి మోస్తూ పళ్లు అమ్మే ఆడవాళ్లు నవ్వుతూ కావిడి మన భుజాన పెట్టి, ఫోటో తీసుకోమంటారు. తీసుకున్నామా, డబ్బులు. కోపం తెచ్చుకోవాల్సిందేం లేదు, వద్దంటే చాలు. డబ్బులిచ్చేటప్పుడు మాత్రం నోటు మీది సున్నాలు లెక్కపెట్టండి. 20,000 డాంగ్‌ల నోటూ నీలమే, 5,00,000 నోటూ నీలమే. మొదటిది మన డెబ్బై రూపాయల దగ్గర, రెండోది పదిహేడు వందల దాకా. సాయంత్రం వెలుతురులో తేడా తెలియదు. పెద్ద నోట్లు వేరే జేబులో పెట్టుకోండి. ధర చెప్పేటప్పుడు చివరి వెయ్యి మింగేస్తారు, యాభై అంటే యాభై వేలని అర్థం.

ఇక శాకాహారుల టెన్షన్. వియత్నాం భాషలో శాకాహారాన్ని చాయ్ అంటారు, టీని చా అంటారు! బోర్డు మీద చాయ్ (chay) అని ఉన్న కొట్లు బౌద్ధుల పద్ధతిలో వండుతాయి, అక్కడ నిశ్చింతగా తినొచ్చు. మామూలు కొట్టులో మాంసం వద్దంటే ముక్కలు తీసేసి అదే ఫో (పులుసులో వేసిన నూడుల్స్) ఇస్తారు, ఆ పులుసు ఎముకలు మరిగించిందే. మా మామగారు తూటికూర వేపుడు చూసి చిన్ననాటి చెరువుగట్టు గుర్తొచ్చి రెండు ప్లేట్లు చెప్పారు. వాసన చూసి ఆగారు కాబట్టి సరిపోయింది. చేపలు ఊరబెట్టి తీసిన నువోక్ మామ్ అనే నీళ్లు కూరల్లో కూడా పోస్తారు. ముందే అడగాలి, లేదా మాంసం, నువోక్ మామ్ వద్దన్న మాట వాళ్ల భాషలో ఫోన్‌లో రాసి పెట్టుకుని చూపించాలి.

కుళాయి నీళ్లు తాగొద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పీటల కొట్టులో గోడ పక్కన కూర్చుంటే లేవడానికి ఆసరా ఉంటుంది. హోటల్ కార్డు జేబులో ఉండాలి, ఆ ఊళ్ల పేర్లు మన నోట సరిగా పలకవు. పోలీసులకు 113, అంబులెన్సుకు 115.

వీలైతే హనోయ్‌లో శుక్రవారం సాయంత్రం దిగేలా టికెట్లు చూసుకోండి. ఆదివారం రాత్రి దాకా హోన్ కియెమ్ చెరువు చుట్టూ బండ్లు ఆపేస్తారు, రోడ్డంతా నడిచేవాళ్లదే. మొదటి సాయంత్రం అక్కడ తిరిగి, మర్నాడు పాతబస్తీ సందుల్లోకి వెళ్లండి. చెరువు దగ్గర కూడా కాళ్ల కిందికి ఓ కన్నేసి ఉంచండి, పిల్లలు బ్యాటరీ బొమ్మకార్లు అద్దెకు తీసుకుని అడ్డదిడ్డంగా తోలుతుంటారు.