మేపుల్ మొక్క ఆకుల రంగు మారితే ముందు ఏం చూడాలి

ఇష్టపడి పెట్టుకున్న చిన్న మేపుల్ ఆకులు రంగు మారగానే కంగారు పడతాం, వెంటనే ఎరువు వేసేస్తాం లేదా ఏదో ఒక మందు కొట్టేస్తాం. దయచేసి ఆగండి. వేర్లు దెబ్బతిని ఉన్నప్పుడు ఎరువు పడితే ఆకు ఇంకా మాడిపోతుంది, జబ్బు ఏంటో తెలియకుండా కొట్టిన మందు ఎలాగూ పనిచేయదు. ముందు రంగు ఎక్కడ మొదలైందో చూడండి: ఆకు అంచు దగ్గరా, ఈనెల మధ్యా, లేతాకులకా ముదురాకులకా, చెట్టంతానా ఒక్క కొమ్మకేనా. సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

ఎక్కువగా కనిపించేది అంచులు ఎండిపోవడం. ఆకు కొనలు, అంచులు గోధుమ రంగుకి తిరిగి అప్పడంలా పెళపెళలాడుతుంటాయి, మధ్యలో మాత్రం బాగానే ఉంటుంది. ఎండ, వేడి గాలి వల్ల ఆకు నుంచి నీళ్లు పోయినంత స్పీడ్‌గా వేర్లు అందించలేకపోతే ఇలా అవుతుంది, కొత్తగా నాటిన మొక్కకి వేర్లు ఇంకా పాకి ఉండవు కాబట్టి దానికే ఎక్కువ. జపనీస్ మేపుల్‌లో సన్నగా చీలిన ఆకులుండే డిసెక్టమ్ రకాలైతే మరీ సున్నితం. ఎండ తగిలే వైపు, గాలి కొట్టే వైపు ఆకులే ఎక్కువ మాడాయా అని చూడండి, అలా ఉంటే ఇదేనని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. మధ్యాహ్నం ఎండ తగలకుండా నీడ కల్పించి, పొద్దున్నే నిదానంగా లోపలిదాకా తడిసేలా నీళ్లు పెట్టి, మొదలు చుట్టూ 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన చెక్కపొట్టో ఎండాకులో పరవండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్తగా వచ్చే ఆకు ఎలా ఉందో దాన్నిబట్టే మొక్క కోలుకుంటుందో లేదో తెలుస్తుంది. కుండీలో ఉంటే ఇంకోటి కూడా చూడాలి, మట్టి మీద తెల్లటి పొర కడితే ఎరువుల ఉప్పు పేరుకుందని అర్థం, అడుగు రంధ్రాల నుంచి బాగా కారేదాకా మంచినీళ్లు పోసి కడిగేయండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నీళ్లు ఎక్కువైనా ఆకులు వాడిపోతాయి, కొనలు నల్లబడతాయి, పసుపు రంగుకి తిరుగుతాయి, అది చూసి దాహం అనుకుని ఇంకా పోస్తారు. వేరు కుళ్లితే నీటిలో నిలబడి ఉన్నా మొక్క తాగలేదు, పాపం. అందుకే నీళ్లు పోసే ముందు వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించి చూడండి. పొడిగా తగిలితే పోయండి. తడిగా ఉండి ఆకులు వాడుతుంటే ఆపేయండి, ముక్కు దగ్గర పెట్టుకుంటే మట్టి కుళ్లు వాసన వస్తుందా చూడండి, కుండీ అయితే మొక్కని బయటికి తీసి వేర్లు చూడండి: గట్టిగా, లేత రంగులో ఉంటే ఫర్వాలేదు, మెత్తగా నల్లగా ఉండి పట్టుకుంటే పైపొర ఊడి వస్తుంటే కుళ్లినట్టే, అవి కత్తిరించేసి నీరు బాగా దిగే కొత్త మట్టిలో పెట్టాలి. నేలలో ఉంటే కాండం అడుగున వేర్లు విచ్చుకునే చోటు మట్టి పైకి కనపడుతోందా చూసుకోండి, మరీ లోతుగా నాటినా మొక్క ఇలాగే నెమ్మదిగా నీరసించిపోతుంది.

లేతాకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఐరన్ లేదా మాంగనీస్ అందట్లేదు. మట్టిలో అవి ఉన్నా పీహెచ్ (మట్టి పులుపు గుణమా, సున్నపు గుణమా అని చెప్పే కొలత) 7 దాటితే వేర్లు సరిగ్గా తీసుకోలేవు, జపనీస్ మేపుల్‌కి 5.5 నుంచి 6.5 మధ్య బాగుంటుంది. సిమెంట్ గోడ పక్కన నాటితే సున్నం దిగి అక్కడి మట్టి పీహెచ్ పెరుగుతుంటుంది. మట్టి టెస్ట్ చేయించకుండా పీహెచ్ తగ్గించడానికని గంధకం వేయొద్దు, చీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా తీసుకోగలిగే రూపంలో ఉండే ఐరన్) స్ప్రే తాత్కాలికంగా పనిచేస్తుంది. ముదురాకులు ముందు మొత్తంగా పసుపైతే నత్రజని తక్కువని అనుమానించాలి, కానీ దానికంటే ముందు వేర్ల సంగతి తేల్చుకోండి.

ఆకు మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న లేత చుక్కలుంటే కింద తెల్ల కాగితం పెట్టి కొమ్మని తట్టండి, పడిన నలుసులు కదిలితే ఆకు రసం పీల్చే నల్లి (మైట్). ఆకుల అడుగున గట్టిగా నీళ్లు కొడితే చాలావరకు పోతుంది. తెల్ల పొడి అయితే బూడిద తెగులు. చల్లటి తడి వాతావరణం తర్వాత ఈనెల వెంట గోధుమ మచ్చలు వస్తే ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్ర తెగులు అయ్యే అవకాశం ఎక్కువ, రాలిన ఆకులు ఏరి పారేయండి, మందు అవసరం పెద్దగా రాదు.

బ్లడ్‌గుడ్ లాంటి ఎర్రాకు రకం నీడలోనో వేసవి వేడికో పచ్చగా తిరిగితే అది జబ్బు కాదు. అంటు కింద నుంచి వేరే రకం పచ్చ ఆకులతో కొమ్మ వస్తే మాత్రం మొదలంటా తీసేయండి, అది వేరుమొక్క (అంటు కట్టిన కింది మొక్క) చిగురు, వదిలేస్తే పైదాన్ని మింగేస్తుంది.

నిజంగా భయపడాల్సింది ఒక్క కొమ్మే, లేదా ఒక పక్కే, హఠాత్తుగా వాడిపోయినప్పుడు. మిగతా చెట్టు బాగుండి ఇలా అయితే వెర్టిసిలియం ఎండుతెగులు అయ్యుండొచ్చు, మట్టిలోంచి వేర్ల ద్వారా ఎక్కే శిలీంధ్రం ఇది. వాడిన కొమ్మని అడ్డంగా కోసి చూడండి, బెరడు కింద చెక్కలో ముదురాకుపచ్చ చారలు, చుక్కలు కనపడితే అనుమానం బలపడినట్టే, ల్యాబ్‌కి ముక్క పంపిస్తే ఖాయమవుతుంది. దీనికి మందు లేదు. ఎండిన కొమ్మలు కోసి, కోత కోతకీ కత్తెర 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, నీళ్లు సరిగ్గా అందేలా చూస్తే కొన్ని చెట్లు ఏళ్ల తరబడి నిలబడతాయి. చనిపోతే అదే చోట మళ్లీ మేపుల్ పెట్టకండి.

ఆకులన్నీ రాలిపోయినా తొందరపడి పీకేయొద్దు. చిన్న కొమ్మ మీద బెరడు గోటితో గోకండి, కింద పచ్చగా తడిగా ఉంటే ప్రాణం ఉంది, మళ్లీ చిగురించే ఛాన్స్ ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే కాస్త కిందికి వచ్చి మళ్లీ గోకుతూ పోండి, పచ్చదనం తగిలిన చోట బతికున్న మొగ్గకి కొంచెం పైన కట్ చేయండి.