థొరాంగ్ లా దాటాలంటే

విదేశాల్లో చాలా కొండలే ఎక్కాను కానీ, నేపాల్‌లోని థొరాంగ్ లా కనుమ దారి వేరు. ఎత్తు 5,416 మీటర్లు. అక్కడ కాళ్ల బలం కన్నా ఓపిక ముఖ్యం.

దారిలో సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న మనాంగ్ ఊళ్లో, పలచటి గాలికి ఒళ్లు అలవాటు పడేలా రెండు రాత్రులైనా ఆగండి. ఆగడమంటే దుప్పటి కప్పుకుని పడుకోవడం కాదు; పగలు పక్కనున్న గుట్ట ఎక్కి, నిద్రకు మళ్లీ కిందికే రావాలి. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. తలనొప్పితో పాటు వాంతులు, తూలుడు మొదలైతే ఎవరు వెక్కిరించినా సరే, వెంటనే దిగిపోండి. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బుకు మందుల సంగతి బయలుదేరక ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

తిండికి బెంగ లేదు. బసల్లో పప్పూ అన్నం మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. వెల్లుల్లి చారు ఎత్తు జబ్బుకు మందని అక్కడివాళ్లంటారు. మందో కాదో గానీ, చలిలో గొంతుకు హాయి.

కనుమ దాటే రోజు తెల్లవారకముందే టార్చి పెట్టుకుని నడక మొదలుపెట్టండి. పొద్దెక్కితే గాలి తోసేస్తుంది. నీళ్ల సీసాను ఉన్ని మేజోడులో దూర్చి తలకిందులుగా పెట్టుకుంటే మూత దగ్గర గడ్డకట్టదు. అవతలి దిగుడు దాదాపు 1,600 మీటర్లు. మోకాళ్లకు అసలు పరీక్ష అదే, చేతికర్రలు తప్పనిసరి. కింద ముక్తినాథ్ గుడి దగ్గర మంచులాంటి చల్లటి నీళ్ల ధారలు 108 ఉంటాయి. స్నానం చేస్తారో, నెత్తిన చల్లుకుంటారో మీ ఇష్టం. నేను చల్లుకున్నాను.