ఎకనామిక్స్, ఫైనాన్స్ యూనివర్సిటీలో ఎలా చదవాలి?

కర్నూలు, అనంతపురం, కడప వైపు డిగ్రీలో ఎకనామిక్స్ తీసుకునే పిల్లలు చానా మంది పరీక్షకు వారం ముందు గైడ్ పట్టుకుని డెఫినిషన్లు బట్టీ కొట్టి గట్టెక్కేస్తారు, మార్కులు వస్తాయి గానీ పీజీలో చేరాక మొదటి సెమిస్టర్‌లోనే ఊపిరాడదు. ఇది బట్టీకి లొంగే సబ్జెక్ట్ కాదు.

ముందు మ్యాథ్స్ పట్టుకోండి. సీఈసీ, హెచ్‌ఈసీ నుంచి వచ్చినా భయం వద్దు. పదో తరగతి ఆల్జీబ్రా, గ్రాఫులు మళ్లీ ఓసారి చేసుకుని మెల్లగా డిఫరెన్సియేషన్, ప్రాబబిలిటీ, రిగ్రెషన్ దాకా పోండి. రోజూ అరగంటైనా పెన్ను పట్టుకుని లెక్క చేయాలి, వీడియో చూస్తే అర్థమైనట్టే ఉంటుంది గానీ చేతికి రాదు.

తర్వాత చదివిన ప్రతి చాప్టర్‌నీ మన ఊరి లెక్కలో పెట్టి చూడండి. ఎలాస్టిసిటీ ఉంది కదా, అంటే రేటు మారితే జనం కొనేది ఎంత మారుతుందో చెప్పే లెక్క, పత్తికొండ మార్కెట్‌కు ఓ రైతు 100 బాక్సుల టమాటా తెచ్చాడనుకుందాం, బాక్స్ 200 అంటే చేతికి 20,000. ఇంకో ఏడాది అందరికీ పంట బాగా వచ్చి ఆయనా 120 బాక్సులు తెస్తే రేటు 120కి పడింది, చేతికొచ్చింది 14,400. సరుకు 20 శాతం పెరిగితే రేటు 40 శాతం పడింది, 20ని 40తో భాగిస్తే ఎలాస్టిసిటీ సుమారు 0.5. చవగ్గా ఉంది కదా అని ఎవరూ రెండింతలు టమాటా తినరు, దాచిపెడదామంటే కుళ్లిపోతుంది. ఇది ఒక్కసారి కాగితం మీద వేసుకున్నారంటే ఇన్‌ఎలాస్టిక్ డిమాండ్, అంటే రేటు పడినా కొనేది అంతగా పెరగకపోవడం, జన్మలో మర్చిపోరు.

ఫైనాన్స్‌కైతే వడ్డీతో మొదలుపెట్టండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం అనుకుంటాం, కానీ వడ్డీ కట్టలేక నెలనెలా అసలులో కలుపుకుంటూ పోతే 1.02ని 12 సార్లు గుణించాలి, 26.8 శాతం తేలుతుంది. అదే ఎఫెక్టివ్ రేట్, దాన్నే వెనక్కి తిప్పితే ప్రెజెంట్ వాల్యూ, అంటే రేపు వచ్చే డబ్బు ఈరోజు లెక్కలో ఎంతో తెలుస్తుంది. మరి బ్యాంకులో 3 లక్షల దాకా పంట రుణం 7 శాతానికి, టైముకు కడితే 4 శాతానికే దొరుకుతుంటే కౌలు రైతు బయట 24కి ఎందుకు తెచ్చుకుంటున్నాడు? పొలం కాగితాలు ఆయన పేరున ఉండవు, బ్యాంకుకు ఆయన గురించి తెలీదు. క్రెడిట్ మార్కెట్ల చాప్టర్ ఈ ప్రశ్న పెట్టుకుని చదవండి, మనవాళ్ల కష్టం అందులో కనిపిస్తుంది.

రెండు నెలలకోసారి వచ్చే ఆర్‌బీఐ పాలసీ స్టేట్‌మెంట్, బడ్జెట్ ముందు వచ్చే ఎకనామిక్ సర్వే సొంతంగా చదవడం అలవాటు చేసుకోండి. ద్రవ్యోల్బణం టార్గెట్ 4 శాతం, అటూ ఇటూ 2, ఇది తెలిస్తే రెపో రేటు (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) ఎందుకు మారుస్తున్నారో సగం అర్థమైనట్టే. మార్కెట్ యార్డుల ధరలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో మీ యార్డు ధరలు దించుకుని ఎక్సెల్‌లో గ్రాఫ్ గీయండి.

పీజీకి శ్రీకృష్ణదేవరాయ (ఎస్కేయూ), యోగి వేమన, రాయలసీమ యూనివర్సిటీలైతే ఏపీ పీజీసెట్, సెంట్రల్ యూనివర్సిటీలకైతే సీయూఈటీ పీజీ రాయాలి. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు పోవాలనుకునేవాళ్లకు ఎకనామిక్స్‌లో పీజీ ఉండాల్సిందే, అందుకే డిగ్రీ రెండో ఏడాదిలోనే పాత పేపర్లు తీసి ముందు స్టాటిస్టిక్స్ ప్రశ్నలు చేయడం మొదలుపెట్టండి.