ఎస్ పక్కన ఆ చిన్న కామా ఎప్పుడు?

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక హోటల్ బోర్డు మీద ‘టిఫిన్స్’ అని ఇంగ్లీషులో రాసి, చివరి ఎస్‌కు ముందు పైన చిన్న కామా వేలాడదీశారు. పెసరట్టు బ్రహ్మాండం, కామా మాత్రం దండగ.

దాని పేరు అపాస్ట్రఫీ. సందేహం వస్తే మాటను తెలుగులోకి తిప్పి చూడండి. టిఫిన్లు, బస్సులు అని ‘లు’ మాత్రమే వస్తే అక్కరలేదు. ‘ఫలానా వారి’ అనే అర్థం వస్తే కావాలి.

ఎక్కడ పెట్టాలన్నదే అసలు చిక్కు. ముందు యజమాని మాట పూర్తిగా రాసి, దాని వెనకే గుర్తు పెట్టండి. మన మహారాజా కళాశాల ఇంగ్లీషు పేరులో ‘మహారాజా’ పూర్తయ్యాక గుర్తు, ఆ తర్వాత ఎస్. అంటే ఒక్క రాజుగారిది. అదే గుర్తును ఎస్ దాటిస్తే కళాశాల రాజులందరి ఉమ్మడి ఆస్తి అయిపోతుంది! ‘చిల్డ్రన్’ ఎస్ లేకుండానే బహువచనం కాబట్టి ముందు గుర్తు, తర్వాతే ఎస్.

‘ఇట్స్’ మాత్రం ఒక మొండిఘటం. ‘దాని’ అనే అర్థంలో గుర్తు ఉండదు. ‘ఇట్ ఈజ్’నో ‘ఇట్ హ్యాజ్’నో కుదించినప్పుడే పెట్టాలి.